వెనుక తలుపుకు తాళం వేయమన్నారు. గార్డుగా నా బాధ్యత ఏమిటి?

గోదాము కాపలా (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. నేను గార్డుగా చేరి మూడు వారాలైంది. రాత్రి డ్యూటీ. పెద్ద గోదాము, లోపల తెల్లవారేదాకా ముప్పై నలభై మంది ప్యాకింగ్ చేస్తుంటారు. ముందు గేటు దగ్గర నేను, లోపల మరో గార్డు ఉంటాం.

కొంతకాలంగా సరుకు తగ్గుతోందట. వెనుక వైపున్న అత్యవసర తలుపులోంచే పోతోందని క్లయింటు (మా ఏజెన్సీని కాపలాకు పెట్టుకున్న గోదాము వాళ్ళు) తరఫు మేనేజరు గారి అనుమానం. నిన్న నన్ను పిలిచి, "రాత్రి పది దాటాక ఆ తలుపుకు గొలుసు వేసి తాళం పెట్టు. తాళంచెవి నీ దగ్గరే ఉంచుకో" అన్నారు. మా సూపర్‌వైజరుకు ఫోను చేస్తే "క్లయింటు చెప్పినట్లు చెయ్యి" అన్నారు. వేశాను. కానీ రాత్రంతా మనసు నిలవలేదు. తాళంచెవి నా జేబులో, నేనేమో ముందు గేటు దగ్గర. ఒకసారి నడిచి చూశాను. గేటు నుంచి ఆ తలుపు దగ్గరికి వెళ్ళడానికి నాలుగు నిమిషాలు పట్టింది.

శిక్షణలో సెల్యూట్ ఎలా చేయాలో, వాహనాల నంబర్లు ఎలా రాయాలో నేర్పారు. ఇలాంటిది ఎదురైతే ఏమి చేయాలో ఎవరూ చెప్పలేదు. క్లయింటు చెప్పినదంతా చేయడమేనా నా పని? దొంగతనం జరిగితే బాధ్యత నాదేనా? అనుభవం ఉన్నవారు చెప్పండి.

పాత సూపర్‌వైజరు

మీ ప్రశ్నలన్నిటికీ జవాబు రాస్తాను, ముందు ఆ తాళం సంగతి చూద్దాం. లోపల మనుషులు ఉన్నంతసేపు అత్యవసర తలుపుకు గొలుసు ఉండకూడదు. క్లయింటు చెప్పినా, మీ సూపర్‌వైజరు చెప్పినా, ఏజెన్సీ యజమాని స్వయంగా వచ్చి చెప్పినా ఉండకూడదు. ఈ రాత్రి డ్యూటీ ఎక్కగానే తీసేయండి.

1911 మార్చి 25న న్యూయార్క్‌లో ట్రయాంగిల్ షర్ట్‌వెయిస్ట్ అనే దుస్తుల ఫ్యాక్టరీ తగలబడి 146 మంది చనిపోయారు. వాళ్ళలో ఎక్కువ మంది పొట్ట చేతపట్టుకుని వలస వచ్చిన అమ్మాయిలు. తొమ్మిదో అంతస్తులో మెట్ల వైపు తలుపు ఒకటి తాళం వేసి ఉంది. పని ముగించి వెళ్ళేవాళ్ళంతా ఒకే దారిన వస్తే సంచులు తనిఖీ చేయడం తేలికని. మీ మేనేజరు గారు చెప్పిన కారణమే చూడండి, సరుకు పోకూడదని. అరగంట తిరిగేలోపే అంతా అయిపోయింది.

మీ నాలుగు నిమిషాల నడక గురించి చదివి చాలాసేపు ఆలోచిస్తూ కూర్చున్నాను. అది దీపాలు వెలుగుతుండగా, ఖాళీ దారిలో నడిచిన నడక. కరెంటు పోయి, పొగ కమ్మి, జనం మీకు ఎదురుగా పరిగెత్తుకొస్తుంటే ఎంతసేపు పడుతుందో మీరే ఊహించండి. కొలిచి చూడాలని మీకు తోచింది కదా, అదే ఈ పనికి కావలసిన బుద్ధి. దాన్ని పోగొట్టుకోకండి.

రాత్రి షిఫ్టు

పాత సూపర్‌వైజరు గారు చెప్పింది నిజమే. కానీ తొమ్మిదేళ్ళుగా ఈ పనిలో ఉన్నవాడిగా ఒక మాట. జీతం ఇచ్చేది ఏజెన్సీ, పని చెప్పేది క్లయింటు, రెండు వైపులా మాట పడేది గార్డు. ఒకచోట క్లయింటు మాట కాదన్నందుకు మరునాడే నన్ను బస్సు కూడా రాని చోటుకు మార్చారు. ఇంట్లో నలుగురు నా మీద ఆధారపడ్డవాళ్ళు. తీసేయండి అనడం సరే, ఉద్యోగం నిలుపుకుంటూ ఎలా తీసేయాలో కూడా చెప్పండి.

పాత సూపర్‌వైజరు

అడగవలసిన ప్రశ్నే అడిగారు. వాదనకు దిగకుండా కాగితం మీద పెట్టండి. రిజిస్టరులో ఇలా రాయండి: "ఫలానా తేదీ రాత్రి 10 గంటలకు ఫలానా వారు వెనుక అత్యవసర తలుపుకు తాళం వేయమని నోటిమాటగా చెప్పారు. ఆ సమయంలో లోపల 38 మంది ఉన్నారు. అగ్ని ప్రమాదం జరిగితే ఆ దారిన బయటికి రాలేరు. ఈ ఆదేశం రాతపూర్వకంగా ఇవ్వవలసిందిగా కోరుతున్నాను." దాని నకలు మీ సూపర్‌వైజరుకు, ఆయన పై అధికారికి పంపండి. ఇన్నేళ్ళలో ఇలాంటి ఆదేశం కింద సంతకం పెట్టినవారిని నేను చూడలేదు.

జవాబు వచ్చేవరకు గొలుసు తీసి ఉంచండి. తలుపు బార్లా తెరవమని కాదు, లోపలివాళ్ళు తోస్తే తెరుచుకోవాలి. సరుకు మీద అనుమానం ఉంది కాబట్టి లోపలి గార్డు కుర్చీని ఆ తలుపు దగ్గరికి మార్చమని అడగండి.

ఇంకొకటి. ప్రతి పోస్టుకూ రాతపూర్వకమైన డ్యూటీ ఆదేశాలు ఉండాలి. ఎవరిని లోపలికి పంపాలి, ఏ కాగితం చూసి పంపాలి, రౌండు ఏ దారిన వేయాలి, అలారం మోగితే ముందు ఎవరికి చెప్పాలి, ఏ తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలి, ఇవన్నీ అందులో ఉంటాయి. మీ పోస్టులో ఆ కాగితాలు ఉన్నాయా? లేకపోతే మొదటి తప్పు మీది కాదు, మిమ్మల్ని అక్కడ నిలబెట్టినవారిది.

గోదాము కాపలా

లేవండి. అడిగితే "పాత గార్డు చెబుతాడు" అన్నారు. ఆయన రెండు రోజులు చెప్పి మానేశారు.

క్లయింటు వైపు

నేను బల్లకు అవతలి వైపు మనిషిని. ఒక పెద్ద ప్రాంగణం నిర్వహణ నా చేతిలో ఉంది, భద్రతా ఒప్పందాలు నేనే చూస్తాను. మీ మేనేజరు దుర్మార్గుడై ఉండకపోవచ్చు. సరుకు తగ్గితే ఆయన మెడకు చుట్టుకుంటుంది. చేతికి అందిన మొదటి ఉపాయం తాళం. కొన్నేళ్ళ క్రితం నేనూ దాదాపు అదే పని చేయబోతే మా గార్డుల ఇన్‌ఛార్జి ఆపారు. ఆయనకు ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

మీ మేనేజరుకు వద్దని మాత్రమే చెబితే వినరు. ప్రత్యామ్నాయం చేతిలో పెట్టండి. తోస్తే తెరుచుకునే అడ్డపట్టీ ఉన్న తలుపుకు అలారం అమర్చవచ్చు. తలుపు కదలగానే మోగుతుంది, దొంగ ఆ దారి వదిలేస్తాడు, ప్రమాదంలో ఉన్నవాడు బయటపడతాడు. అది వచ్చేలోపు నంబరున్న పలుచని ప్లాస్టిక్ సీలు వేయండి. తోస్తే చటుక్కున తెగే రకం ఉండాలి, బిగుతుగా పట్టి ఉంచేది పనికిరాదు. ప్రతి రౌండులో సీలు నంబరు చూసి రాయండి. రాత్రి రెండుకు ఉన్న నంబరు మూడుకు లేకపోతే, ఏ గంటలో ఎవరు తలుపు తీశారో వెతకవలసిన సమయం అరవై నిమిషాలకు కుదించుకుపోతుంది.

మరొక మాట చెప్పక తప్పదు. గార్డుతో బరువులు మోయించడం, కార్లు పక్కకు తీయించడం, నీళ్ళ మోటారు వేయించడం మా వైపు నుంచి జరిగే తప్పు. గేటు వదిలి మోటారు దగ్గరికి వెళ్ళిన పది నిమిషాల్లో ఏదైనా జరిగితే "గార్డు ఎక్కడ?" అని అడిగేదీ మేమే. ఒప్పందంలో పనుల జాబితా ఉంటుంది. అందులో లేని పని చెప్పినప్పుడు "ఏ సమయంలో, ఎవరు చెప్పగా పోస్టు వదిలాను" అని రాసుకోండి. మర్యాదగానే రాయండి, కానీ తప్పకుండా రాయండి.

మహిళా గార్డు

సరుకు పోతోందంటే రేపో మాపో "అందరినీ తనిఖీ చెయ్యి" అంటారు. అందుకని ముందే చెబుతున్నాను. నేను ఆరేళ్ళుగా తనిఖీ పోస్టులో ఉన్నాను. స్త్రీలను స్త్రీ గార్డే తనిఖీ చేయాలి, అదీ తెర వెనుక, మరో స్త్రీ సాక్షిగా ఉండగా. సంచిని మీరు లాక్కోకూడదు, వాళ్ళనే తెరిచి చూపించమనాలి. ఒక్కరినే ఎంచుకుని ఆపితే అది తనిఖీ అనిపించుకోదు, నింద అవుతుంది. అందరినీ చూడండి, లేదా ప్రతి పదో మనిషినీ చూడండి. ఆ పద్ధతి మేనేజరుకైనా కూలీకైనా ఒక్కటే అయి ఉండాలి.

ఒకసారి పై అధికారి ఒకరు నన్ను తన సంచి చూడనివ్వకుండా వెళ్ళిపోయారు. నేను చెయ్యి అడ్డం పెట్టలేదు. సమయం, పేరు, "తనిఖీకి నిరాకరించారు" అన్న మూడు ముక్కలు రాశాను. వారం తరువాత ఆయనే వచ్చి సంచి తెరిచి చూపించారు. ఆ రోజు నాకు కలిగిన గౌరవం ఏ సెల్యూట్ వల్లా రాలేదు.

న్యాయ సలహా

చట్టం దేశాన్ని బట్టి మారుతుంది కాబట్టి సూత్రం మటుకు చెబుతాను. చాలా దేశాలలో ప్రైవేటు గార్డుకు ఉన్న అధికారం సాధారణ పౌరుడి అధికారమే. యూనిఫారం వేసుకున్నంత మాత్రాన పోలీసు కాలేరు. లైసెన్సు ఆ పని చేయడానికి అనుమతి ఇస్తుందే తప్ప మనుషుల మీద అదనపు అధికారం ఇవ్వదు. యజమాని తన స్థలంలోకి ఎవరు రావాలో నిర్ణయించగలడు. ఆ హక్కును ఆయన తరఫున అమలు చేయడమే మీ అధికారానికి పునాది. "తనిఖీకి ఒప్పుకుంటేనే లోపలికి" అని షరతు పెట్టవచ్చు. ఒప్పుకోని మనిషిని బలవంతంగా తడిమి చూడటం మాత్రం నేరం కావచ్చు.

కళ్ళ ముందు నేరం చేస్తూ దొరికినవాణ్ణి పట్టుకోవడానికి చాలాచోట్ల పౌరులకు కూడా వీలుంది. అయితే ఆలస్యం లేకుండా పోలీసులకు అప్పగించాలి. గదిలో కూర్చోబెట్టి ప్రశ్నించడం, ఫోను లాక్కోవడం, చెంపదెబ్బ కొట్టి ఒప్పుకోలు రాయించడం, ఇవి చేసిన గార్డులు తరువాత ముద్దాయిలుగా నిలబడటం చూశాను. వాళ్ళను ఉసిగొల్పినవాళ్ళు ఆ రోజు కోర్టులో కనబడరు.

"దొంగతనం జరిగితే బాధ్యత నాదేనా?" అని అడిగారు. సరుకు పోదని మీరు హామీ ఇవ్వలేదు. అప్పగించిన జాగ్రత్తలు తీసుకుంటానని ఒప్పుకున్నారు. రౌండు వేయవలసిన సమయంలో వేశారా, చూసింది చెప్పారా, పోస్టు వదలకుండా ఉన్నారా అన్నవే ప్రశ్నలు. వాటికి జవాబు మీ రిజిస్టరు ఇవ్వాలి.

తుపాకీ డ్యూటీ

మాజీ సైనికుణ్ణి, ఆయుధంతో కాపలా కాస్తాను. ఆయుధం ఉన్నవాడికి అధికారం ఎక్కువని కొత్తవాళ్ళు అనుకుంటారు. నిజానికి చేతులు మరింత కట్టేసి ఉంటాయి. ప్రైవేటు భద్రతా సంస్థల కోసం 2010లో వచ్చిన అంతర్జాతీయ ప్రవర్తనా నియమావళి కూడా మనుషుల మీద తుపాకీ వాడకాన్ని ప్రాణానికో, తీవ్రమైన గాయానికో తక్షణ ముప్పు ఉన్న సందర్భాలకే పరిమితం చేసింది. పెట్టెలు పట్టుకుని పారిపోతున్న మనిషి వీపు మీద గురిపెట్టడానికి దారి లేదు.

రాత్రి షిఫ్టు

రిజిస్టరు రిజిస్టరు అని అందరూ అంటున్నారు. నిజం చెప్పాలంటే మాలో చాలామంది తెల్లవారుజామున ఒకేసారి కూర్చుని "1 గంట, అంతా సవ్యం. 2 గంటలు, అంతా సవ్యం" అని రాసేస్తాం. చదివేవాళ్ళు ఎవరు?

పాత సూపర్‌వైజరు

చదివారండీ, ప్రపంచమంతా చదివింది. 1972 జూన్ 17 తెల్లవారుజామున వాషింగ్టన్‌లోని వాటర్‌గేట్ భవనంలో ఫ్రాంక్ విల్స్ అనే ఇరవై నాలుగేళ్ళ గార్డు రౌండు వేస్తున్నాడు. కింది అంతస్తులో ఒక తలుపు గడియకు టేపు అంటించి ఉంది, తలుపు మూసినా తాళం పడకుండా. పనివాళ్ళు అంటించి మరిచిపోయి ఉంటారనుకుని పీకేశాడు. మళ్ళీ వచ్చి చూస్తే అదే తలుపుకు మళ్ళీ టేపు! అప్పుడు పోలీసులకు ఫోను చేశాడు. అప్పటి అమెరికా అధ్యక్షుడు నిక్సన్‌కు ప్రత్యర్థి అయిన డెమొక్రాటిక్ పార్టీ కార్యాలయంలో ఐదుగురు దొరికారు. ఆ తీగ లాగితే డొంక కదిలి, 1974 ఆగస్టులో అధ్యక్షుడు నిక్సన్ రాజీనామా చేశాడు. ఆ రాత్రి విల్స్ రాసిన రిజిస్టరు పుట ఇప్పుడు అమెరికా జాతీయ అభిలేఖాగారంలో (నేషనల్ ఆర్కైవ్స్‌లో) ఉంది.

నేను కొత్తవాళ్ళకు ఈ సంఘటన చెప్పేటప్పుడు ప్రతిసారీ మూడు సంగతుల దగ్గర ఆగేవాణ్ణి. ఆయన రెండోసారి వెళ్ళి చూశాడు. రౌండు ఎగ్గొట్టి ఉంటే చరిత్రే వేరు. రెండోసారి కనబడ్డ టేపును మొదటిదానితో కలిపి ఆలోచించాడు. ఇక మూడోది, దొంగలెవరో చూద్దామని ఒంటరిగా పై అంతస్తుకు ఎక్కలేదు, పిలవవలసినవారిని పిలిచాడు.

"అంతా సవ్యం" అనే మాటను నా గార్డుల రిజిస్టరులో నిషేధించాను. చూసింది రాయమనేవాణ్ణి. "అనుమానాస్పద వ్యక్తి తిరుగుతున్నాడు" అని రాస్తే నాకేమీ తెలియదు. "2.15కు నీలం చొక్కా, నల్ల సంచి, సుమారు ముప్పై ఏళ్ళ మనిషి, తూర్పు గోడ వెంట రెండుసార్లు నడిచాడు, అడిగితే దారి తప్పానన్నాడు" అని రాస్తే రేపు పోలీసులకు పనికొస్తుంది. తప్పు రాస్తే గీత కొట్టి పక్కన సంతకం పెట్టండి, చెరపకండి, పుట చించకండి. తెల్లవారాక కూర్చుని రాసిన రిజిస్టరును కోర్టులో లాయరు రెండు ప్రశ్నలతో చించేస్తాడు.

కొత్త యూనిఫారం

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. పోలీసు యూనిఫారంలో వచ్చినవారిని కూడా ఆపాలా? నాకు భయంగా ఉంటుంది.

కంట్రోల్ రూము

ఆపాలి, మర్యాదగా. 1990 మార్చి 18న బోస్టన్‌లోని ఇసబెల్లా స్టీవార్ట్ గార్డ్‌నర్ మ్యూజియానికి రాత్రి ఒంటి గంట దాటాక ఇద్దరు పోలీసు దుస్తుల్లో వచ్చారు. ఫిర్యాదు వచ్చింది, చూడాలన్నారు. నిబంధన ప్రకారం తలుపు తీయకూడదు. గార్డు తీశాడు. మాటల్లో పెట్టి అతన్ని బల్ల దగ్గర నుంచి ఇవతలికి రప్పించారు. పోలీసులను పిలిచే మీట ఆ బల్ల దగ్గరే ఉంది. ఇద్దరు గార్డులనూ కట్టేసి, 81 నిమిషాల్లో 13 కళాఖండాలు పట్టుకెళ్ళారు. ఇప్పటికీ దొరకలేదు. ఖాళీ చట్రాలు అక్కడ గోడకు అలాగే వేలాడుతున్నాయి.

గేటు మూసే ఉంచి, "ఒక్క నిమిషం సార్, స్టేషనుకు ఫోను చేసి నిర్ధారించుకుంటాను" అనండి. వాళ్ళు ఇచ్చిన నంబరుకు చేయకండి, మీ దగ్గర ముందే రాసి పెట్టుకున్న నంబరుకు చేయండి. నిజమైన పోలీసు ఆ ఒక్క నిమిషానికి కోపం తెచ్చుకున్నా ఫరవాలేదు.

నా పని గురించి కూడా రెండు మాటలు. కెమెరా తెరలు చూస్తూ కూర్చోవడం తేలిక పనని అందరి అభిప్రాయం. 1948లో నార్మన్ మాక్‌వర్త్ అనే పరిశోధకుడు గడియారం ముల్లులాంటి దాన్ని రెండు గంటలు చూస్తూ ఉండమని, ముల్లు ఎప్పుడో ఒకసారి రెట్టింపు గంతు వేస్తే చెప్పమని మనుషులను కూర్చోబెట్టాడు. అరగంట గడిచేసరికే గుర్తించలేకపోవడం పెరిగింది. వాళ్ళు సోమరులు కారు, మనిషి మెదడు అంతే. పదహారు తెరల ముందు ఒక్కణ్ణి పన్నెండు గంటలు కూర్చోబెట్టి, ఉదయం "నువ్వు చూడలేదా?" అని గద్దించడం అన్యాయం. మేము ముగ్గురం పోరాడి, అరగంటకొకసారి తెరల దగ్గర మనిషి మారే పద్ధతి తెచ్చుకున్నాం.

మహిళా గార్డు

కంట్రోల్ రూము గారి మాటకు తోడుగా. 2017 మే 22న మాంచెస్టర్ అరీనాలో బాంబు పేలి 22 మంది చనిపోయారు. తరువాత జరిగిన విచారణలో తేలిన సంగతులు చదివి నేను రెండు రోజులు మామూలు మనిషిని కాలేకపోయాను. పెద్ద సంచితో కూర్చున్న మనిషిని చూసి ఒకరు భయపడి అక్కడి సిబ్బందిలో ఒక కుర్రవాడికి చెప్పారు. ఆ కుర్రవాడి చేతిలో వాకీటాకీ లేదు, కాపలా ఉన్న తలుపు వదిలి వెళ్ళలేకపోయాడు. మరో యువ గార్డుకు చెప్పగలిగాడు. ఆ గార్డు వాకీటాకీలో ప్రయత్నించినా కంట్రోల్ రూము అందలేదని చెప్పాడు. పొరపాటు పడితే జాతివివక్ష అంటారేమోనన్న భయం కూడా తనను వెనక్కి లాగిందన్నాడు.

వాళ్ళిద్దరి వయసు తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. అనుమానం వచ్చింది, చెప్పే దారి లేకపోయింది. అందుకే డ్యూటీ ఎక్కగానే నేను చేసే మొదటి పని వాకీటాకీలో కంట్రోల్ రూమును పిలిచి జవాబు వినడం. జవాబు రాకపోతే ఛార్జి తీసుకోను.

రాత్రి షిఫ్టు

చెప్పినవాడికి కూడా మేలు జరగదు కదా అప్పుడప్పుడు. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో బెంచీ కింద సంచి చూసి, పోలీసులకు చెప్పి, జనాన్ని దూరం జరిపిన గార్డు రిచర్డ్ జ్యూయెల్. బాంబు పేలింది, ఆయన వల్ల ఎంతోమంది బతికారు. మూడు రోజులకే పత్రికలు ఆయన్నే అనుమానితుడన్నాయి. నిర్దోషి అని తేల్చడానికి దాదాపు మూడు నెలలు పట్టింది. అసలు దోషి 2005లో నేరం ఒప్పుకున్నాడు.

ఇది భయపెట్టడానికి రాయడం లేదు. ఇన్ని చదివాక నిన్న రాత్రి మొదటిసారి ఏ గంటకు ఆ గంటే రాశాను. మూడు గంటల రౌండులో జనరేటరు గది కిటికీ గడియ విరిగి ఉండటం కనబడింది. ఎన్నాళ్ళ నుంచి అలా ఉందో తెలియదు. నేను రోజూ ఆ పక్కనుంచే నడుస్తున్నాను.

గోదాము కాపలా

అందరికీ చేతులెత్తి నమస్కారం. ఏమి జరిగిందో చెబుతాను.

ఆ రాత్రే గొలుసు తీశాను. ఇక్కడి పాత సూపర్‌వైజరు గారు చెప్పిన మాటలే రిజిస్టరులో రాసి నకలు పంపాను. మా సూపర్‌వైజరు ఫోను చేసి మండిపడ్డారు, "నీకెందుకు ఇవన్నీ" అన్నారు. అరగంట తరువాత ఆయన పై అధికారి నుంచి ఫోను వచ్చింది. తాళం వద్దన్నారు. మేనేజరు గారు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు నేనే వెళ్ళి సీలు సంగతి చెప్పాను. ముఖం ముడుచుకునే విన్నారు గానీ, మరునాటికి సీళ్ళ కట్ట తెప్పించారు. అలారానికి ఇంకా అనుమతి రాలేదు. డ్యూటీ ఆదేశాల కాగితాలూ రాలేదు, వారానికోసారి అడుగుతున్నాను. లోపలి గార్డు కుర్చీ మాత్రం మారింది.

సరుకు ఎలా పోతోందో ఇంకా తేలలేదు. ఈ పది రోజుల్లో నేను తలుపు తోసి చూసినప్పుడు తప్ప వెనుక సీలు ఒక్కసారి కూడా తెగలేదు కాబట్టి ఆ దారిన మాత్రం పోవడం లేదు. ఆ మాట మేనేజరు గారికి నంబర్లతో సహా చూపించాను. ఇప్పుడు ఆయన లోడింగ్ వైపు లెక్కలు చూస్తున్నారు.

నిన్నటి పుటలో మొదటి వరుస ఇది: "రాత్రి 10.05. లోపల 41 మంది. వెనుక తలుపు తోసి చూశాను, తెరుచుకుంది. కొత్త సీలు వేసి నంబరు పక్కన రాశాను. వాకీటాకీలో లోపలి గార్డు జవాబు ఇచ్చాడు."